మూడు కత్తెర్లు

"చెయ్యి పెట్టి చూడవే! ఇది జుట్టా, చీపురా? చూడు!"

మనోరమ తోసిన తోపుకు స్టీలు పళ్లెం వరండా గచ్చు మీద జర్రున జారి శైలజ కాళ్ల దగ్గర ఆగింది. పళ్లెం నిండా జుట్టు. మూరెడు పోగులు కొన్ని, జానెడు ముక్కలు కొన్ని, పొడిపొడిగా రాలినవి కొన్ని. పొద్దున కూతురు తృప్తి తలలో దువ్వెన పెడితే దువ్వెనతో పాటే ఊడొచ్చినదంతా మనోరమ ఒక్క వెంట్రుక వదలకుండా ఏరి తెచ్చింది.

శైలజ పళ్లెం వైపు చూడలేదు. మనోరమ మొగుడు ప్రతాప్ వేలికి వేలాడుతున్న తాళంచెవినే చూస్తోంది.

తొమ్మిదింటికి పార్లర్ తెరుద్దామని వెళ్తే షట్టర్‌కు తన తాళం పక్కన ఇంకో తాళం వేలాడుతోంది. తూంకుంటలో కరీంనగర్ రోడ్డు మీద ఆ మడిగె, ఆ షాపు గది, ప్రతాప్‌ది. ఆ వరసలోని ఎనిమిది మడిగెలూ అతనివే, వాటి వెనక రాళ్లు పాతిన ప్లాట్లూ అతనివే. ఇదేం న్యాయమని అతన్ని అడిగే మనిషి ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు. శైలజ రెండేళ్ల పాటు రోజూ శామీర్‌పేటలో బస్సెక్కి సికింద్రాబాద్ పోయింది. అక్కడొకావిడ పార్లర్‌లో నేల తుడిచింది, తువ్వాళ్లు ఉతికింది, ఆ తర్వాతే చేతికి కత్తెర వచ్చింది. ఆ షట్టర్ వెనక ఒక కుర్చీ, ఒక అద్దం ఉన్నాయి. శైలజకు ఈ లోకంలో తనదంటూ ఉన్నది ఆ రెండే.

"తృప్తి జుట్టు నేను పాడు జెయ్యలే ఆంటీ," అంది.

"ఆంటీ ఏందే, ఆంటీ? మీ అమ్మ నన్ను ఏమని పిలుస్తది, నువ్వు ఏమని పిలుస్తున్నవ్? షాపుల కుర్చీ ఏసుకొని కూసోంగనే సుట్టరికం కలిసిందా?"

"పిలుపు సంగతి ఎన్కశీరె సూస్కుందం గని పటేలమ్మా, తాళం సంగతి సెప్పుర్రి ముందుగాల," అంది శంకరమ్మ.

శంకరమ్మ శైలజ తల్లి. మొగుడు గాలయ్య శామీర్‌పేట చెరువులో వల వేస్తే ఆమె గంప ఎత్తుకుని వీధులు తిరుగుతుంది. కూతురి షాపుకు తాళం పడిందని దారిలోనే విని, గంపతో సహా ఇక్కడికి వచ్చింది. చేపల గంప వరండా ఎక్కకూడదన్నారు కాబట్టి గేటు బయట ఎండలో పెట్టింది. ఆ ఎండ చూసిన కొద్దీ ఆమె నోరు పెద్దదవుతోంది.

"సెప్పకుంట తాళమేస్తరా పటేలా? గీ పిల్ల దొంగతనం జేసిందా? పారిపోయిందా?"

ప్రతాప్ తాళంచెవిని వేలి చుట్టూ తిప్పాడు. తెల్ల ఖద్దరు చొక్కాలో కుర్చీకి ఆని కూర్చున్నాడు. ఆ చొక్కా మడత గురించి చెప్పాలి. మాజీ సర్పంచ్ గారి చొక్కా మండలం మొత్తానికి పేరుపడింది. దాన్ని బయట ఇస్త్రీకి ఇవ్వరు. మనోరమే బల్ల మీద దుప్పటి పరిచి, నీళ్లు చిలకరించి, పొగ వచ్చేదాకా రుద్ది మడత తేలుస్తుంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఒక్క చొక్కా కూడా మాడలేదని చెప్పుకుంటుంది. నిజమే, చొక్కా మాడలేదు.

గోడకు ఆనుకుని, తల మీద చున్నీ కప్పుకుని కూర్చుంది తృప్తి. ఇరవై ఏళ్ల పిల్ల, డిగ్రీ ఆఖరి సంవత్సరం. వచ్చే ఆదివారం కొంపల్లి అభిలాష్‌తో నిశ్చితార్థం. ఇవాళ గురువారం. పొద్దుటి నుంచి ఆ పిల్ల నోరు తెరవలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఆడపిల్ల జుట్టు మీద ఇంట్లో అందరికీ హక్కు ఉంటుంది, అది మోసే పిల్లకు తప్ప.

"ఆ జడను చూసే గదా ఆళ్లు ఔనన్నది!" మనోరమ పళ్లెం వైపు వేలు చూపించింది. "అభిలాష్ వాళ్లమ్మ ఇదే వరండాల కూసోని, జడ చేతుల వట్టుకొని, గింత జుట్టు నేను ఏడ చూడలే వదినా అన్నది. ఇప్పుడు ఏం చూపియ్యాలె? ఈ పళ్లెం చూపియ్యన్నా?"

"శనివారం ఏం జరిగిందో ఒకసారి యాది జేస్కోండి," అంది శైలజ. అరవకూడదని పళ్లు బిగబట్టింది. "మీరే తీస్కొచ్చిండ్రు. స్ట్రెయిటనింగ్ చెయ్యమన్నరు."

"ఎందుకన్న? నిశ్చితార్థం నాడు జుట్టు విరబోసి ఫొటో దిగాలని ఆ పిలగాని చెల్లె ఫోన్ల చెప్పింది. జడ ఇప్పి చూస్తే నడుం కింద అంత కొబ్బరి పీచే. పొట్టు పొట్టు. దాన్ని సాపు చెయ్యమన్న. అది తప్పా?"

"తప్పు గాదు. నేనేమన్న? కొసలు జానెడు కొయ్యాలె, గప్పుడే చేస్త, లేకుంటే చెయ్య అన్న. అన్ననా లేదా?"

"మొక్కు జుట్టుకు కత్తెర పెడ్తవా? నీకు దేవుడంటే బయం లేదా?"

మొక్కు మాట వినబడగానే వరండా మూలన నులక మంచంలో కదలిక వచ్చింది. దుర్గమ్మ, ప్రతాప్ తల్లి. రెండు కళ్లకూ పొరలు. చూపు పోయిన దగ్గర్నుంచి చెవులూ ముక్కూ ఆ ఇంటి కాపలా కాస్తున్నాయి.

"ఆ మొక్కు నాది," అంది అవ్వ. "దానికి పదకొండేండ్లప్పుడు పసిరికెలు అయినయి. కండ్లు పచ్చగ, గోర్లు పచ్చగ. బతుకదన్నరు. కొమురెల్లి మల్లన్నకు మొక్కిన. పిల్ల బతికితె, పెండ్లి కుదిరినంక నీ తాన మూడు పాయలు కోసి మూడు కత్తెర్లిస్త, గప్పటిదాంక ఇనుము తగులనియ్య అన్న. బతికింది."

"ఇన్నవా?" అంది మనోరమ.

"ఇన్న. తొమ్మిదేండ్లు ఇనుము తగులలే. అందుకే గిట్లయింది," అంది శైలజ. ఇక ఆపుకోలేకపోయింది. "చీరె కొంగు చిరుగు వడితె ఏం చేస్తరు? కుట్టేస్తరు, లేకుంటే ఆ ముక్క కత్తిరిస్తరు. ఊకె వదిలిపెడితె ఏమైతది? చిరుగు పైకి పాకుతది. ఎంటిక గూడ అంతే. కొస రెండుగ చీలుతది. ఆ చీలిన కొస కొయ్యకుంటే చీలిక పైకి ఎక్కుతది. దాని మీద మీ కొత్త బోరు నీళ్లు, ఉప్పు నీళ్లు. బకెట్లకు తెల్లగ పేరుకునే నీళ్లు నెత్తిని ఊకుంటయా? మొక్కు తప్పని నేను అనలే. మల్లన్న తానికి పోయి మూడు కత్తెర్లు ఇచ్చి రండి, ఎమ్మటే కొసలు తీసేస్త అని చెప్పిన. ఒక్క పొద్దు పని! మీకు టైం లేదన్నరు."

"నాకు నీతులు చెప్తున్నవా?"

"నీతులు గాదు ఆంటీ, నా పని. నెత్తి కడిగి, కండిషనర్ పెట్టి పంపిన. ఇంకేం ముట్టలే. క్రీము సీసా మూత గూడ తియ్యలే."

"అబద్దం! ఏందో రాసినవ్. ఆ క్రీమే కాల్చింది."

"మనోరమా," అని పిలిచింది అవ్వ, "సోమారం నాడు తలకాయ గాల్చిండ్రు గదనే, ఎవలు దిన్నరు? నాకు ఒక్క బొక్క గూడ ఎయ్యలే."

"అత్తమ్మా, జర ఊకోండి! సోమవారం మనింట్ల నీసు ముడతమా?"

"గదే నేనంటున్న. సోమారం ముట్టం గద. మరి పొద్దుగూకంగ మేక తలకాయ గాలిన వాసనెందుకొచ్చింది?"

"పక్కింట్ల కాల్చిండ్రేమో! మీ ముక్కుకు పనిలేదా?"

మనోరమ గొంతు మరీ పెద్దదైంది. అవసరమైన దానికంటే పెద్దది. శైలజ తలెత్తి ఆమెను చూసింది. మొదటిసారి ముఖం కాకుండా చేతులు చూసింది. ఎడమ చేతి రెండు వేళ్లకు గుడ్డ పీలిక చుట్టి ఉంది.

అప్పుడు వంగి పళ్లెం అందుకుంది.

"తృప్తీ, ఒక గిలాసల నీళ్లు తెస్తవా?"

తృప్తి లేచి తెచ్చింది; గ్లాసు ఇస్తూ వంగినప్పుడు చున్నీ పక్కకు జరిగి తల మీది జుట్టు శైలజకు కనబడింది. శైలజ ఒక పొడుగు వెంట్రుక తీసి నీళ్లలో ముంచి, రెండు చేతుల వేళ్లకు చుట్టి లాగింది. పుటుక్కున తెగింది. ఇంకొకటి తీసింది. అదీ పుటుక్కున తెగింది.

"క్రీము ఎక్కువైన ఎంటికను తడిపి గుంజితె బంకలెక్క సాగుతది. సాగి సాగి తెగుతది. నేను సికింద్రాబాద్‌ల గట్లాంటివి మస్తు చూసిన. ఇది సాగుతలేదు. మందుతోని పోలే, మంటతోని పోయింది." మూడో వెంట్రుకను వెలుతురుకు పట్టింది. "అమ్మా, నీ కండ్లు మంచిగున్నయి, సూడు. మధ్యల మధ్యల తెల్లగ ఉబ్బులు గనవడుతున్నయా?"

శంకరమ్మ ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసింది. "ఆఁ. సన్నసన్నగ. పేలాలు పేలినట్టు."

"పేలినయే. తడి జుట్టు మీద కాక పెడితె లోపలి తడి మరిగి పేలుతది. జుట్టు మొదట్ల మంచిగనే ఉన్నది, బెత్తెడు దూరం నుంచి కిందికి మొత్తం పోయింది. ఎందుకు? బల్ల మీద తల పెట్టి పండుకుంటే పెట్టె నెత్తి దాంక రాదు గనుక. ఆంటీ, సోమవారం నీళ్లు చిలకరిచ్చి ఇస్త్రీ చేసిండ్రా, తృప్తి జుట్టును? సార్ చొక్కాలెక్క?"

బయట కరీంనగర్ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. తృప్తి చున్నీ ఇంకా కిందికి లాక్కుంది. ప్రతాప్ తన చొక్కా చేతిని ఒకసారి చూసుకున్నాడు.

"నిజమా?" అన్నాడు భార్యతో.

"నిజమే!" మనోరమ ఒక్కసారిగా విరుచుకుపడింది. "చేసిన! ఎవల కోసం చేసిన? ఈమె చెయ్యనంటే నేను ఎవల్ని అడగాలె? మొక్కు తప్పొద్దు, జుట్టు సాపుగ ఉండాలె, ఆదివారం దగ్గరికొచ్చె. ఖద్దరు అంత మొండి గుడ్డ సాపయితది, ఎంటిక కాదా అనుకున్న. చేసినప్పుడు మంచిగనే ఉండె! పట్టులెక్క మెరిసింది. ఔనా తృప్తీ? అద్దంల చూసుకొని నువ్వు నవ్వలే?"

తృప్తి తల ఊపింది. నవ్విందట. మొన్న సోమవారం సాయంత్రం ఆ పిల్ల అద్దంలో చూసుకుని నిజంగానే నవ్వింది, తల్లి కూడా వెనక నిలబడి నవ్వింది. మంగళవారం దిండు మీద మొదటి ముక్కలు కనబడ్డాయి. ఆ నవ్వు గుర్తొచ్చే కాబోలు, మూడు రోజులుగా పిల్ల తల్లి పేరు చెప్పలేదు. చెప్పకపోవడం మంచితనమే కావచ్చు. కానీ ఆ మంచితనం ఖరీదు ఇంకో పిల్ల షట్టర్ మీద పడింది. నాకు ఆ పిల్ల మీద జాలి ఉంది, కోపమూ ఉంది.

"అయితె అయిపాయె గద," అంది శంకరమ్మ లేస్తూ. "తాళంచెవి ఇయ్యుర్రి పటేలా. నా శాపలు ఖరాబైతున్నయి."

ప్రతాప్ ఇవ్వలేదు.

"కూసో శంకరమ్మా." అతని గొంతు పెరగలేదు. పెరగకపోవడమే ఎక్కువ భయం. "పొద్దుగాల నేను కొంపల్లికి ఫోన్ చేసి చెప్పిన. పార్లర్ పిల్ల చేతుల జుట్టు కాలిందని చెప్పిన. అభిలాష్ వాళ్లమ్మ చూస్తానికి వస్తాంది. పదకొండింటికి వస్త అన్నది. ఇప్పుడు ఆమెకు ఇంకో తీరు చెప్తే మా ఇజ్జత్ ఉంటదా? అత్త మొక్కు కోసం, కోడలు ఫొటో కోసం పిల్ల నెత్తిని ఇస్త్రీ పెట్టె కింద పెట్టిండ్రని చెప్పాల్నా?"

"జరిగింది గదే గద సార్," అంది శైలజ.

"జరిగింది ఈ వరండాల ఉన్నోళ్లకు తెలిసింది. ఇంకొకలకు తెలిసే పని లేదు." తాళంచెవిని కుర్చీ చేతి మీద పెట్టాడు. "ఆమె రాంగనే ఒక్క మాట అను. నా చేతుల తప్పు జరిగింది, మాఫ్ జెయ్యండి అను. గంతే. ఈ చెవి తీస్కొని పో. అనకపోతే, సామాన్లు తీస్కపోతానికి ట్రాలీ మాట్లాడుకో."

శైలజకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖంలోకి రక్తం జివ్వున ఎక్కింది.

"జుట్టు కాల్చిన పార్లర్ అని నా నోటితోని నేనే చెప్పుకుంటే, రేపు ఆ తాళం తీసి నేను ఎవలకు చెయ్యాలె సార్? తూంకుంటల ఎవలొస్తరు నా కుర్చీల కూసోతానికి?"

"నేను చెప్పి పంపిస్త మనుషులను."

"మీరు చెప్తె నెత్తి అప్పజెప్తరా?"

"శైలూ." తల్లి గొంతు. ఇందాకటి గొంతు కాదు. శంకరమ్మ చీర కొంగు నలుపుతూ నేల చూస్తోంది. "ఒప్పుకో బిడ్డా."

శైలజ వెనక్కి తిరిగింది. "ఏందే?"

"ఒక్క మాటే గద. అని బయటవడు. సెరువు కట్ట మీద పటేల మాట లేకుంట మీ నాయిన వల గూడ ఎయ్యలేడు. మనం యాడికి పోతం?"

"పొద్దటి సంది ఊరంత ఇనేటట్టు లొల్లి వెట్టింది నువ్వే గదనే!"

"లొల్లి వెడితె ఏంది? నాకు బయం లేదా?"

ఇంతకంటే పెద్ద దెబ్బ ఆ పూట శైలజకు తగల్లేదు. మనోరమ తిట్లు తుడుచుకోవచ్చు. నోటితో ఊరిని గడగడలాడించే తల్లి భయంతో బతుకుతోందని ఇరవై నాలుగేళ్లకు తెలియడం తుడుచుకుంటే పోయేది కాదు. తల్లి మీద ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఏడుపు కూడా వచ్చింది. రెండూ మింగింది.

గేటు దగ్గర కారు ఆగింది. పదకొండు ఇంకా కాలేదు.

అభిలాష్ తల్లి చెప్పులు విడిచి వరండా ఎక్కింది. పొడుగు మనిషి, ముఖంలో తొందర లేదు. చేతిలో జాకెట్ గుడ్డల కవరు ఉంది. పళ్లెం చూసింది, చున్నీ కింద పిల్లను చూసింది, చివరికి శైలజను చూసింది.

"పార్లర్ అమ్మాయివి నువ్వేనా?"

"నేనే."

"నువ్వే కాల్చినవా?"

ప్రతాప్ వేలు తాళంచెవి మీద ఒకసారి తట్టింది. మనోరమ కళ్లలో ఇందాకటి కోపం లేదు, బతిమాలడం ఉంది. అది చూసి శైలజకు ఇంకా కోపం వచ్చింది.

"కాదు," అంది.

"మరి ఎవలు?"

"అది నేను చెప్పేది కాదు. కాల్చినోళ్లు చెప్పాలె. నేను కాల్చలే. గది మాత్రం చెప్త. షాపు ఉన్నా, పోయినా ఇదే చెప్త."

"శంకరమ్మా, నీ బిడ్డను తోలుకపో," అన్నాడు ప్రతాప్.

అప్పుడు తృప్తి లేచింది. చున్నీ తీసి పక్కన పడేసింది. భుజం దగ్గర ఒకవైపు జుట్టు లేనే లేదు, ఇంకోవైపు నడుం దాకా నాలుగు పోగులు వేలాడుతున్నాయి. అభిలాష్ తల్లి నోటి నుంచి "అయ్యో" అని వచ్చింది. తృప్తి వచ్చి శైలజ ముందు నేల మీద, ఆమెకు వీపు పెట్టి కూర్చుంది.

"కత్తెర తెచ్చినవా అక్కా?"

"సంచిల ఉన్నది."

"కొయ్యి."

"తృప్తీ! మొక్కు!" మనోరమ అరిచింది.

"మొక్కు నాదని చెప్పిన గద!" నులక మంచం మీద అవ్వ లేచి కూర్చుంది. చూపు లేని ముఖం ఎటో తిప్పి, ఒళ్లో కొంగు పరిచింది. "తప్పయితె మల్లన్న నన్ను అడుగుతడు. పిల్ల బతుకాలని మొక్కిన గని పిల్లను గాల్చుమని మొక్కలే. సోమారం వాసన నాకు ఇప్పుడు సమజైంది. శైలజా, ఆ మూడు కత్తెర్లు నా ఒళ్లె ఎయ్యి. నేనే కొమురెల్లికి తీస్కపోత."

"కత్తెర పెట్టినవంటే," అన్నాడు ప్రతాప్, "ఆ తాళం ఇగ ఈ జన్మల తియ్య."

శైలజ చేతిలో కత్తెర ఉంది. తల్లి వైపు చూసింది. శంకరమ్మ గేటు బయటి గంప వైపు ఒకసారి చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని, గచ్చు మీద కూతురి పక్కకు వచ్చి నిలబడింది.

"కొయ్యి బిడ్డా," అంది. "ట్రాలీ నేను మాట్లాడుత."

కిర్రుమంది కత్తెర. శంకరమ్మ ఆ పాయను అందుకుని అవ్వ ఒళ్లో వేసింది.

"ఒకటి," అంది అవ్వ.

మళ్లీ కిర్రుమంది.

"రెండు."

అభిలాష్ తల్లి వంగి పళ్లెంలోంచి ఒక ముక్క తీసింది. వాసన చూసింది. మనోరమ ఎడమ చేతి వేళ్లకు చుట్టిన గుడ్డను చూసింది. ప్రతాప్ చొక్కా మడతను చూసింది. ఆమె మొగుడు జనార్ధన్ కూడా ఖద్దరే కడతాడు, దాన్ని ఇస్త్రీ చేసేది ఆమే.

"వదినా," అంది మెల్లగా, "మీ ఇస్త్రీ పెట్టె ఒకసారి ఇటు తెస్తరా?"

మనోరమ మొగుడి వైపు చూసింది. అతను తాళంచెవిని పిడికిట్లో మూసి తల పక్కకు తిప్పుకున్నాడు. ఇరవై రెండేళ్ల సంసారంలో అతని ఎదుట, అతను ఔననకుండా ఆమె చేసిన పని బహుశా ఇదే మొదటిది. లేచి లోపలికి నడిచింది.

"మూడు," అంది అవ్వ.

లోపల ఒక తలుపు చప్పుడైంది. ఇస్త్రీ పెట్టె కోసం తెరిచిందో, తనే లోపల గడియ పెట్టుకుందో వరండాలో ఉన్నవాళ్లకు తెలియలేదు.